ఆగస్టు 6 ఎవరి తేదీ?

అమీర్‌పేట మెట్రో స్టేషన్ మెట్లు దిగి మైత్రీవనం వైపు నడిస్తే కాలిబాట పొడవునా పోటీ పరీక్షల పుస్తకాలు పరచిన దుకాణాలు కనిపిస్తాయి. గ్రూప్స్, పోలీసు, బ్యాంకు, రైల్వే, ఉపాధ్యాయ నియామకం, ఏ పరీక్షకైనా అక్కడ ఒక పుస్తకం దొరుకుతుంది. గత నెల ఒక సాయంత్రం అక్కడ నిలబడి ‘చరిత్రలో ఈ రోజు’ తరహా పుస్తకం ఒకటి తిరగేశాను. జనవరి 1 నుంచి డిసెంబరు 31 దాకా ప్రతి తేదీకీ అర పేజీ కేటాయించారు. ఎవరు పుట్టారు, ఎవరు మరణించారు, ఏ యుద్ధం మొదలైంది, ఏ ఒప్పందం కుదిరింది అన్నవన్నీ ఒక్కో వాక్యంలో ఉన్నాయి. నా వేళ్లు ఆగస్టు 6 దగ్గర ఆగాయి. 1945లో హిరోషిమాపై అణుబాంబు. పెన్సిలిన్‌ను కనుగొన్న అలెగ్జాండర్ ఫ్లెమింగ్ జననం. ఆచార్య కొత్తపల్లి జయశంకర్ జననం. 2023లో గద్దర్ మరణం. చుండూరు లేదు. పక్కనే ఉన్న మరో రెండు పుస్తకాలు కూడా తెరిచి చూశాను. వాటిలోనూ లేదు.

పాతికేళ్ల లోపు పాఠకులకు ఆ పేరు కొత్త కావచ్చు గనుక కొంత చెప్పవలసి ఉంది. చుండూరు తెనాలికి దాపున ఉన్న డెల్టా గ్రామం. అప్పట్లో గుంటూరు జిల్లాలోనిది. అక్కడి దళితుల్లో ఒక తరం చదువుకుంది. కొందరు రైల్వే వంటి కొలువుల్లో చేరారు. కూలికి పోయినంత మాత్రాన తల దించుకుని మాట్లాడనవసరం లేదని ఆ తరం భావించింది. అసలు నేరం అదే. 1991 జూలైలో సినిమా హాలులో ఒక దళిత విద్యార్థి కాలు ముందు వరుసలోని అగ్రకులస్థుడికి తగిలింది. అది గొడవగా, గొడవ సాంఘిక బహిష్కరణగా పెరిగింది. దళితులను పొలం పనులకు పిలవడం మానేశారు. ఆగస్టు 6న, ఊరిలో పోలీసులు ఉండగానే, ఆధిపత్య కులాల గుంపులు పొలాలకు అడ్డం పడి పారిపోతున్న దళితులను వెంటాడి ఎనిమిది మందిని చంపాయి. శవాలను గోనె సంచుల్లో కుక్కి కాలువలో పడవేశారు. సంచులు దొరికిన తరువాత దళితులు తమ మృతులను శివారు శ్మశానానికి మోసుకుపోలేదు. ఊరి నడుమన పూడ్చి, ఆ నేలకు రక్తక్షేత్రం అని పేరు పెట్టుకున్నారు. ఆ ఉద్యమంలోనే అదే ఏడాది మరో దళిత యువకుడు పోలీసు కాల్పుల్లో మరణించాడు.

ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చింది. అమలు మొదలైనది 1990 జనవరి 30న, గాంధీ హత్య జరిగిన తేదీన. చుండూరు నాటికి ఆ చట్టం వయసు ఏడాదిన్నర. మండల్ కమిషన్ సిఫారసులను అమలు చేస్తామని వి.పి.సింగ్ పార్లమెంటులో ప్రకటించినది 1990 ఆగస్టు 7న. చుండూరు హత్యాకాండ అందుకు ఏడాది నిండడానికి ఒక్క రోజు ముందు జరిగింది. ఆ రెండేళ్ల తేదీలను పక్కపక్కన పెట్టి చూస్తే, కాగితం మీద హక్కు పుట్టడానికీ పొలం గట్టు మీద దానికి బదులు తీర్చుకోవడానికీ మధ్య ఎంత తక్కువ దూరం ఉందో అర్థమవుతుంది.

తేదీల కలయికల్లో అర్థం వెతకడం జ్యోతిష్కుల పనే గాని చరిత్ర అధ్యాపకుల పని కాదని నా సహోద్యోగి ఒకరు ఆక్షేపించారు. ఆయన మాటలో నిజం లేకపోలేదు. ఏడాదికి ఉన్నవి 365 రోజులే. మనుషులు, ఘటనలు లెక్కకు మించినవి. ఏ తేదీని పట్టుకున్నా ఒక కవి, ఒక నియంత, ఒక భూకంపం దొరుకుతాయి. ఒక గదిలో 23 మంది ఉంటే వారిలో కనీసం ఇద్దరి పుట్టినరోజు ఒకటే కావడానికి సగానికి మించిన అవకాశం ఉందని గణితం చెబుతుంది. వినడానికి ఆశ్చర్యంగా ఉన్నా లెక్క సరైనదే. అయితే ఆ లెక్కకు ఒక షరతు ఉంది: ఏడాదిలోని ప్రతి రోజూ పుట్టుకకు సమానంగా అందుబాటులో ఉండాలి.

నా తరగతి గదిలో ఆ షరతు చెల్లలేదు. కొన్నేళ్ల క్రితం నలభై మంది ఉన్న ఎం.ఏ. తరగతిలో ఈ లెక్కను సరదాగా పరీక్షిద్దామని అందరినీ పుట్టిన తేదీ చెప్పమన్నాను. ఆరుగురు జూన్ 1 అన్నారు. మిగిలినవారు నవ్వారు. ఆ ఆరుగురు మాత్రం నవ్వలేదు. వారికి కారణం తెలుసు. బడిలో చేర్చిన రోజున పంతులుగారు రాసిన తేదీ అది. బడులు జూన్‌లో తెరుస్తారు, ప్రవేశానికి అయిదేళ్లు నిండాలి, పిల్లవాడు ఎప్పుడు పుట్టాడో తండ్రికి చెప్పడం రాలేదు. కాబట్టి అయిదేళ్లు వెనక్కి లెక్కపెట్టి జూన్ 1. ఆరుగురూ వారి ఇళ్లలో మొదటి తరం చదువరులే. వారి కులాలేమిటో నేను అడగలేదు. అడగవలసిన అవసరమూ రాలేదు.

నాది కూడా జూన్ 1. మా అమ్మ లెక్క వేరు. కంది కోతలప్పుడు, పీర్లు గుండం తొక్కిన మరునాడు పుట్టానని ఆమె చెబుతుంది. ఆ ఏడు, అంటే 1978లో, మొహర్రం డిసెంబరులో వచ్చిందని పెద్దయ్యాక చూసుకున్నాను. ఆ ప్రకారం ప్రభుత్వం దృష్టిలో నేను నా కంటే ఆరు నెలలు పెద్దవాడిని. పదవీ విరమణ కూడా ఆరు నెలలు ముందే వస్తుంది. ఇదే ఊరిలో తిథి, వార, నక్షత్రాలతో సహా బిడ్డ పుట్టిన ఘడియ పంచాంగం అంచున రాసి ఉంచుకున్న ఇళ్లు ఉన్నాయి. అక్కడ జాతకం ఉంది, దానిని రాసే చేయి ఉంది, దాచే పెట్టె ఉంది. మా ఇంట్లో కందిచేను ఉంది; అది కూడా మాది కాదు.

ఇది ముచ్చటగా చెప్పుకుని వదిలేసే విషయం కాదని అమీర్‌పేటలో కొద్ది రోజులు గడిపిన ఎవరికైనా తెలుస్తుంది. ప్రతి దరఖాస్తులోనూ పుట్టిన తేదీ గడి ఉంటుంది. గరిష్ఠ వయోపరిమితిని ఫలానా నాటికి లెక్కిస్తామని ప్రతి నోటిఫికేషన్‌లోనూ ఉంటుంది. నోటిఫికేషన్ ఏళ్ల తరబడి రాదు. వచ్చేసరికి పంతులుగారు అప్పుడు ఉజ్జాయింపుగా రాసిన తేదీ ఒక యువకుడిని గీతకు ఇవతల ఉంచుతుంది, మరొకరిని అవతలికి నెట్టివేస్తుంది. ఎస్సీ, ఎస్టీలకు ఇచ్చే వయసు సడలింపును కొందరు దయాభిక్షగా మాట్లాడుతుంటారు. ఎవరి పుట్టుకను ఎవరు రాశారో తెలిసినవారు అలా మాట్లాడరు.

గద్దర్ వయసు విషయంలోనూ ఇదే జరిగింది. తూప్రాన్‌లో పుట్టిన గుమ్మడి విఠల్ రావు 2023 ఆగస్టు 6, ఆదివారం మధ్యాహ్నం అమీర్‌పేటలోని అపోలో స్పెక్ట్రా ఆసుపత్రిలో కన్నుమూశారు. అంతకు మూడు రోజుల క్రితమే గుండెకు శస్త్రచికిత్స జరిగింది. ఆ వార్త రాసిన కొన్ని సంస్థలు ఆయన వయసు 74 అన్నాయి, మరికొన్ని 77 అన్నాయి. సగం శతాబ్దం పాటు తెలుగు నేలలో అత్యధికులు విన్న గొంతు అది; ఆ మనిషి ఎన్నేళ్లు బతికాడన్నది మాత్రం ఒక్క మాటగా చెప్పలేకపోయాం. ఇప్పుడు జనవరి 31 ఆయన జయంతిగా స్థిరపడింది. 2024లో అదే తేదీన రవీంద్రభారతిలో జరిగిన సభలో, నంది అవార్డుల స్థానంలో గద్దర్ పేరిట అవార్డులు ఇస్తామని ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ప్రకటించారు. జనన తేదీ విషయంలో ప్రభుత్వం, కుటుంబం, అభిమానులు ఒక అంగీకారానికి వచ్చారు. మరణ తేదీ విషయంలో ఎవరి అంగీకారమూ అక్కరలేదు; ఆసుపత్రి రికార్డు ఉంది. అట్టడుగు కులాల నుంచి వచ్చిన మన పెద్దల్లో చాలామందికి నికరంగా మిగిలేది వర్ధంతే.

ఆ ఆదివారం ఉదయం రాష్ట్రమంతటా జయశంకర్ జయంతి జరిగింది. చిత్రపటాలకు పూలమాలలు పడ్డాయి. సాయంత్రానికి అమీర్‌పేట ఆసుపత్రి ముందు జనం, మరునాడు ఎల్బీ స్టేడియం నుంచి అల్వాల్ దాకా జనం. అల్వాల్‌లో తాను స్థాపించిన మహాబోధి పాఠశాల ఆవరణలో గద్దర్‌ను బౌద్ధ సంప్రదాయంలో, ప్రభుత్వ లాంఛనాలతో ఖననం చేశారు. 1997 ఏప్రిల్ 6న ఆయనపై జరిగిన కాల్పుల్లో దిగిన తూటాల్లో ఒకటి అప్పటికీ ఆయన ఒంట్లోనే ఉంది. ఆ శరీరానికి తుపాకులతో వందనం జరిగింది. అక్కడ ఉన్నవారిలో ఈ సంగతి గుర్తు రానివారు తక్కువే అయి ఉంటారు.

అలా ఆగస్టు 6 తెలంగాణకు రెండు విధాల సొంత తేదీ అయింది. జయశంకర్ 1934లో వరంగల్ ప్రాంతంలోని అక్కంపేటలో, చేతివృత్తుల కులమైన విశ్వబ్రాహ్మణ కుటుంబంలో పుట్టారు. నీళ్లు, నిధులు, నియామకాల్లో ఒక ప్రాంతానికి జరిగిన అన్యాయాన్ని అంకెల్లో పెట్టి, ఆ అంకెలను జనం నోట పలికించినది ఆయనే. ఆయన పేరిట వ్యవసాయ విశ్వవిద్యాలయం ఉంది, ఒక జిల్లా ఉంది. ఆ గౌరవం ఆయనకు తగినదే. ఇక్కడ దానికి పోటీ పెట్టడం నా ఉద్దేశం కాదు. అయితే ప్రాంతం అనే ప్రశ్న తన తేదీలను రాజ్యం చేత గుర్తింపజేసుకోగలిగింది. కులం అనే ప్రశ్న అదే తేదీన జరిగిన ఎనిమిది హత్యలను పుస్తకంలో ఒక్క వాక్యంగానైనా నిలుపుకోలేకపోయింది. తెలంగాణ క్యాలెండర్‌కు చుండూరు ఆంధ్రలోని ఊరు. ఆంధ్ర క్యాలెండర్‌కు అది గుర్తు చేసుకోవడానికి ఇష్టపడని ఊరు. 2014 జూన్ 2న రాష్ట్రం రెండైనప్పుడు నదీ జలాలను, అప్పులను, ఉద్యోగులను, భవనాలను పంచుకున్నారు. జ్ఞాపకాల పంపకానికి ఏ కమిటీ వేయలేదు.

చుండూరు కేసు ముగిసిన తీరు చూస్తే అది హైదరాబాద్ విషయం కాదని చెప్పే వీలు లేదు. విచారణ తమ ఊరిలోనే జరగాలని బాధితులు పట్టుబట్టారు. దేశంలో అత్యాచారాల నిరోధక చట్టం కింద ఘటన జరిగిన చోటనే ప్రత్యేక న్యాయస్థానం ఏర్పడటం అదే మొదలు. ఆ న్యాయస్థానం 2007 జూలై 31న 21 మందికి యావజ్జీవ శిక్ష, 35 మందికి ఏడాది చొప్పున జైలు శిక్ష విధించింది. అందుకు పదహారేళ్లు పట్టింది. 2014 ఏప్రిల్ 22న హైదరాబాద్‌లోని ఉమ్మడి హైకోర్టు ఆ శిక్షలన్నిటినీ కొట్టివేసింది. నేరాన్ని ప్రాసిక్యూషన్ సందేహాతీతంగా నిరూపించలేదన్నది సారాంశం. రాష్ట్రం విడిపోవడానికి ఆరు వారాల ముందు సంగతి ఇది. అదే ఏడాది జూలైలో సుప్రీంకోర్టు ఆ తీర్పుపై స్టే ఇచ్చింది. మూసీ ఒడ్డున హైకోర్టు భవనంలో తీర్పు వెలువడినప్పుడు ఈ నగరంలోని విశ్వవిద్యాలయాల్లో ఉన్న మాలాంటి వారం ఒకటి రెండు సభలు పెట్టాం, కరపత్రాలు రాశాం. ఆ తరువాత రాష్ట్ర ఆవిర్భావ సంబరాలు వచ్చాయి. సంబరాలను తప్పుపట్టను, నేనూ పాల్గొన్నాను. కరపత్రాలు ఏమయ్యాయో మాత్రం అడిగితే చెప్పలేను.

1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు దళితులను చంపినప్పుడు పరిస్థితి ఇలా లేదన్నది గుర్తుంచుకోవాలి. హైకోర్టులో ప్రభుత్వ న్యాయవాదిగా ఉన్న బొజ్జా తారకం ఆ పదవికి రాజీనామా చేశారు. కత్తి పద్మారావు, తారకం తదితరుల నాయకత్వంలో దళిత మహాసభ పుట్టింది. తూప్రాన్ బిడ్డ గద్దర్ కోస్తాలోని కారంచేడు దళితుల తెగువ మీద పాట కట్టారు. అది తెలంగాణ పల్లెల్లో మారుమోగింది. అప్పుడు ఎవరూ అది ఏ ప్రాంతపు ఊరని అడగలేదు. ఆగస్టు 6న గద్దర్‌ను స్మరించేవారు చుండూరును మరచిపోతే, ఆయన జీవితంలో నుంచి ఒక పెద్ద అధ్యాయాన్ని చించివేసినట్లే.

ఇదే తేదీకి సముద్రాల అవతల మరొక అర్థం ఉంది. 1965 ఆగస్టు 6న అమెరికా అధ్యక్షుడు లిండన్ జాన్సన్ ఓటు హక్కుల చట్టంపై సంతకం చేశారు. అక్షరాస్యత పరీక్షల పేరిట దక్షిణాది రాష్ట్రాల్లో నల్లజాతివారిని ఓటుకు దూరం పెట్టిన పద్ధతులను ఆ చట్టం అడ్డుకుంది. సెల్మా వంతెన మీద లాఠీ దెబ్బలు తిన్నవారు సాధించిన చట్టం అది. 2013లో ఆ దేశ సుప్రీంకోర్టు దానిలోని ఒక కీలక నిబంధనను కొట్టివేసింది. మరుసటి ఏడాది మన హైకోర్టులో చుండూరు శిక్షలు రద్దయ్యాయి. రెండు దేశాల న్యాయచరిత్రలను ఒకే గాటన కట్టడం సరికాదు. అయితే అక్కడి నల్లజాతి సంఘాలు ఆగస్టు 6 వస్తే ఆ చట్టాన్ని గుర్తు చేసుకుంటాయి, దానికి జరిగిన నష్టాన్ని లెక్కిస్తాయి, కొత్త చట్టం కోసం డిమాండ్ పెడతాయి. వారికి తేదీ అంటే దండ వేసే రోజు మాత్రమే కాదు, లెక్క అడిగే రోజు కూడా.

మనకు అలాంటి తేదీ లేదని కాదు. అమీర్‌పేట నుంచి ఒక్క మెట్రో స్టేషన్ దూరంలో, పంజాగుట్టలో దానికి సాక్ష్యం నిలబడి ఉంది. అక్కడ ప్రతిష్ఠించిన అంబేద్కర్ విగ్రహాన్ని 2019 ఏప్రిల్ 13న, జయంతికి సరిగ్గా ఒక్క రోజు ముందు, అనుమతి లేదంటూ నగరపాలక సంస్థ సిబ్బంది తొలగించారు. విరిగిన విగ్రహం జవహర్‌నగర్ చెత్త కేంద్రంలో కనిపించింది. మాజీ ఎంపీ వి.హనుమంతరావు, దళిత సంఘాలు ఏళ్ల పాటు ఆందోళన చేయవలసి వచ్చింది. 2023 ఏప్రిల్ 14న అదే పంజాగుట్టలో అప్పటి మంత్రి కె.తారక రామారావు అంబేద్కర్ విగ్రహాన్ని ఆవిష్కరించారు. అదే రోజు హుస్సేన్‌సాగర్ ఒడ్డున 125 అడుగుల విగ్రహమూ వెలిసింది. రెండేళ్లకు, 2025 ఏప్రిల్ 14న, ప్రస్తుత ప్రభుత్వం ఎస్సీ వర్గీకరణ చట్టాన్ని అమలులోకి తెచ్చింది. భూభారతి పోర్టల్‌ను కూడా ఆ రోజునే ప్రారంభించింది. ఏ పార్టీ అధికారంలో ఉన్నా ఏప్రిల్ 14ను వదులుకోలేని స్థితి వచ్చింది. ఆ స్థితిని ఏ ప్రభుత్వమూ దానంగా ఇవ్వలేదు. వాడవాడలా చందాలు వేసుకుని, అప్పు చేసి, కొన్నిచోట్ల దెబ్బలు తిని ఆ జయంతిని జరుపుకున్న పేదలు దానిని క్యాలెండర్‌లోకి ఎక్కించారు.

అయితే ఒక ఇబ్బంది ఉంది, దానిని దాచడం న్యాయం కాదు. జయంతిని ప్రభుత్వాలు పంచుకోగలవు, హత్యాకాండను పంచుకోలేవు. పుట్టినరోజు నాడు వేదిక మీద అందరికీ కుర్చీ దొరుకుతుంది, చంపినవారి వర్గానికి కూడా. చుండూరు పేరు ఎత్తితే ఎవరు చంపారు, ఎవరు చూస్తూ ఊరుకున్నారు, ఎవరు విడుదలయ్యారు అనే ప్రశ్నలు వస్తాయి. దళిత రాజకీయాలు కూడా ఈ మధ్యకాలంలో జయంతుల వైపే మొగ్గాయని నా అభిప్రాయం. విగ్రహం ఎత్తు గురించి మాట్లాడినంత తేలికగా విచారణ జాప్యం గురించి మాట్లాడటం లేదు. మాల, మాదిగ వివాదంలో గడిచిన మూడు దశాబ్దాలు కూడా ఈ ఉమ్మడి తేదీలను బలహీనపరిచాయి. కారంచేడులో చనిపోయినవారు మాదిగలు, చుండూరులో చనిపోయినవారు మాలలు అని ఇప్పుడు విడిగా గుర్తు చేసేవారు ఉన్నారు. 1991లో తెనాలి శిబిరాలకు బియ్యం మోసినవారు ఆ లెక్క వేసుకోలేదు.

పుస్తకంలో ఒక వాక్యం చేరిస్తే ఇదంతా సరిపోతుందా? సరిపోదు. ‘చుండూరు ఘటన ఏ సంవత్సరంలో జరిగింది? ఎ) 1985 బి) 1991...’ అని మరొక బిట్ తయారవుతుంది. ఆ బిట్‌కు సరైన జవాబు గుర్తించి ఉద్యోగం తెచ్చుకున్న అధికారి రేపు ఒక పల్లెలో ఫిర్యాదు తీసుకోకుండా దళితుణ్ణి వెనక్కి పంపవచ్చు. అయినా ఆ వాక్యం ఉండాలనే అంటాను. అమీర్‌పేట హాస్టళ్లలో ఇరుకు గదుల్లో చదువుతున్నవారిలో రేపటి ఎస్సైలు, తహసీల్దార్లు, ఉపాధ్యాయులు ఉన్నారు. అత్యాచారాల నిరోధక చట్టం కింద ఎఫ్ఐఆర్ రాయవలసినవారు, బడిలో చేరే పిల్లల పుట్టిన తేదీ రాయవలసినవారు వారే. చట్టం నంబరు, సెక్షన్లు వారికి కంఠతా వస్తాయి. ఆ చట్టం ఏ శవాల మీదుగా నడిచి ఇంత దూరం వచ్చిందో చెప్పే పేజీ వారి చేతికి ఎక్కడా అందడం లేదు.

ఆ సాయంత్రం పుస్తకాల దుకాణం దగ్గర నా పక్కన నిలబడి అదే పుస్తకం చూస్తున్న అమ్మాయిని చుండూరు పేరు విన్నావా అని అడిగాను. లేదంది. నల్లగొండ వైపు నుంచి వచ్చిందట, గ్రూప్-2కు చదువుతోందట. రెండు మూడు మాటల్లో చెప్పాను. ఆమె కాసేపు ఆలోచించి, ‘‘సార్, మరి సుప్రీంకోర్టు స్టే ఇచ్చినంక వాళ్లు మళ్లీ జైలుకు పోయిండ్రా?’’ అని అడిగింది. అప్పటిదాకా ఎవరూ, మా విశ్వవిద్యాలయ సభల్లో కూడా, నన్ను అంత సూటిగా ఆ ప్రశ్న అడగలేదు. స్టే అంటే ఏమిటి, అప్పీలు పెండింగ్‌లో ఉండటం అంటే ఏమిటి అని కాలిబాట మీదనే చెప్పడం మొదలుపెట్టాను. దుకాణం వాడు మమ్మల్ని కొంచెం జరగమన్నాడు. ఆగస్టు 6 పేజీ చూపించి, ఇందులో ఒక ముఖ్యమైన విషయం లేదని అతనితోనూ అన్నాను. అతను పుస్తకం అట్ట తిప్పి ముద్రణ సంవత్సరం చూసి, ‘‘కొత్త ఎడిషన్ జనవరిల వస్తది సార్’’ అన్నాడు.